బ్లాక్ పాంథర్ ఆల్బమ్ మొత్తం విన్నా, సినిమాలో వినిపించిన డోలు ఎక్కడ?

గోదారిబుల్లోడు
నిన్న రాత్రి బ్లాక్ పాంథర్ మళ్ళీ చూశా, ఈసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. హీరో టిచాలా (వాకాండా అనే ఊహా దేశపు రాజు) వచ్చినప్పుడల్లా వెనకాల ఒక డోలు మోగుతుంది కదా, అచ్చం ఎవరో మాట్లాడుతున్నట్టు, అది బుర్రలోంచి పోవట్లేదు. పొద్దున్నే యాప్‌లో వెతికితే 'బ్లాక్ పాంథర్ ది ఆల్బమ్' అని దొరికింది. 14 పాటలు, వరసపెట్టి అన్నీ విన్నా. అంతా ర్యాప్. నేను వెతుకుతున్న డోలు లేదు, ఆ మొదట్లో కొండల మీద గొంతెత్తి పాడేది లేదు. ఎండ్ టైటిల్స్‌లో వచ్చే పాట ఒకటి గుర్తుపట్టా, మిగతావి సినిమాలో ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. సినిమా పేరు పెట్టి సినిమాలో లేనివి అమ్మడం ఏంటి అసలు?

బీజీఎంపిచ్చోడు
రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి బ్రో. నువ్వు విన్నది అమెరికా ర్యాపర్ కెండ్రిక్ లమార్ చేయించింది, 2018 ఫిబ్రవరి 9న వచ్చింది. నీకు కావలసింది స్వీడన్ సంగీత దర్శకుడు లుడ్విగ్ గోరాన్సన్ చేసిన స్కోరు, అంటే నేపథ్య సంగీతం. అది 16న, సినిమాతో పాటు వచ్చింది. పేరు పక్కన 'ఒరిజినల్ స్కోర్' అని ఉంటుంది చూడు. 'వాకాండా' అనే ట్రాక్‌తో మొదలెట్టు, కొండల మీద గొంతు అదే.

మిర్చిబజ్జీ
ఒక సినిమా, రెండు ఆల్బమ్‌లు, రెండు బిల్లులు. మన నిర్మాతలకి ఈ ఐడియా ఇంకా ఎవరూ చెప్పలేదనుకుంటా, చెప్పకండి.

గోదారిబుల్లోడు
దొరికింది, వింటున్నా. కానీ నా కంప్లెయింట్ అలాగే ఉంది. ర్యాప్ దానికి 'ది ఆల్బమ్' అని పెద్ద పేరు, అసలు మ్యూజిక్‌కి మూల ఎక్కడో చిన్న అక్షరాలా?

రికార్డులకొట్టు
ఇది ఇప్పటి అలవాటు కాదు బాబూ. 1989లో టిమ్ బర్టన్ బ్యాట్‌మన్ వచ్చినప్పుడు ఇదే గొడవ. పాప్ గాయకుడు ప్రిన్స్ చేత ఏకంగా ఒక ఆల్బమ్ చేయించారు, జూన్‌లో, సినిమా కంటే మూడు రోజుల ముందు దుకాణాల్లో పెట్టారు. అమెరికా ఆల్బమ్ పట్టిక బిల్‌బోర్డ్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. సినిమాలో గట్టిగా వినిపించేవి మాత్రం రెండే, జోకర్ మ్యూజియంలో బొమ్మల మీద రంగులు చల్లుతూ తిరిగేటప్పుడు ఒకటి, ఊరేగింపులో ఒకటి. మనం ఇప్పటికీ కూనిరాగం తీసే ఆ చీకటి మార్చ్ డానీ ఎల్ఫ్‌మన్‌ది. ఆయన స్కోరు ఆల్బమ్ ఆగస్టుకి గానీ రాలేదు. జనం సినిమా చూసి ఆ మార్చ్ కోసం కొట్టుకెళ్తే చేతికి ప్రిన్స్ ఇచ్చి పంపేవారు.

ఎల్ఫ్‌మన్ కథ ఇంకా బాగుంటుంది. అప్పటికి ఆయన ఒక రాక్ బ్యాండ్‌లో పాడేవాడు, ఇంత పెద్ద యాక్షన్ సినిమాకి పనికొస్తాడా అని నిర్మాత జాన్ పీటర్స్‌కి అనుమానం. లండన్ నుంచి తిరిగొస్తుంటే విమానంలో ఉండగా ట్యూన్ తట్టింది, పక్కనవాళ్ళ ముందు పాడలేడు కదా, చిన్న టేప్ రికార్డర్ పట్టుకుని మాటిమాటికీ టాయిలెట్‌లోకి వెళ్ళి హమ్ చేసుకున్నాడట. విమానం సిబ్బంది కంగారుపడ్డారట ఈయనకేమైందోనని. తర్వాత ఆ మార్చ్ వినిపించినప్పుడు అదే నిర్మాత కుర్చీలోంచి లేచి చేతులు ఊపడం మొదలెట్టాడు.

మిర్చిబజ్జీ
టాయిలెట్‌లో పుట్టిన ట్యూన్‌కి గ్రామీ వచ్చింది. మా ఇంట్లో నేను పాడితే బయట నుంచి తలుపు కొడతారు.

సిరిమువ్వ_సిరి
అందరూ కెండ్రిక్ ఆల్బమ్‌ని పోస్టర్ మీద స్టిక్కర్‌లా మాట్లాడుతున్నారు, నాకు నచ్చట్లేదు. ఆయన్ని మొదట రెండు మూడు పాటలకే అడిగారు. డైరెక్టర్ ర్యాన్ కూగ్లర్ కొన్ని సీన్లు చూపించాక మొత్తం ఆల్బమ్ చేస్తానన్నాడు. అందులో కథ ఉంది. మొదటి పాటలో టిచాలా లాగా మాట్లాడతాడు, మధ్యలోకి వచ్చేసరికి 'కింగ్స్ డెడ్' చివర విలన్ కిల్‌మోంగర్‌కి జేజేలు కొడతాడు. రాజు, రాజుని కూలదోసేవాడు ఇద్దరూ ఒకే గొంతులో ఉంటారు. సినిమా చెప్పేది కూడా అదే కదా, వీళ్ళిద్దరిలో ఎవరి మాట తప్పని?

పైగా గోదారిబుల్లోడు గారూ, 'అంతా ర్యాప్' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 'రిడెంప్షన్'లో డర్బన్ అమ్మాయి బేబ్స్ వొడూమో ఉంది, అది క్లబ్బుల్లో ఆడించే గ్కోమ్ బీటు. 'సీజన్స్'లో స్జావా అనే గాయకుడు జూలూలో పాడతాడు. యూగెన్ బ్లాక్‌రాక్, సౌదీ అని ఇంకో ఇద్దరు దక్షిణాఫ్రికా ర్యాపర్లు ఉన్నారు. స్కోరులో సెనెగల్ వాయిద్యాలు ఉంటే ఇందులో ఇప్పటి జోహన్నెస్‌బర్గ్, డర్బన్ ఉన్నాయి.

బీజీఎంపిచ్చోడు
కథ ఉంది సరే సిరి గారు, సినిమాలో ఎంత ఉంది? కొరియాలో కారు ఛేజ్‌లో 'ఆప్స్' కాస్త, క్యాసినోలో 'ప్రే ఫర్ మీ' కాస్త, ఎండ్ టైటిల్స్‌లో 'ఆల్ ద స్టార్స్'. మిగతాదంతా సినిమా ముఖం చూడలేదు. సీన్‌ని మోయనిది ఎంత మంచి పాటైనా సినిమా సంగీతం అనను నేను.

సిరిమువ్వ_సిరి
మనం ఆడియో ఫంక్షన్ చేసి, పాటలు నెల ముందు వదిలి, తీరా సినిమాలో రెండు పాటలు కత్తిరిస్తే అప్పుడు 'సినిమా సంగీతం' కాకుండా పోతుందా? చిన్నప్పుడు క్యాసెట్‌లో విని థియేటర్‌లో లేని పాటలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

బీజీఎంపిచ్చోడు
అవి సీన్ కోసం కంపోజ్ చేసినవి, తర్వాత లేచిపోయాయి. రెండూ ఒకటి కాదు. వాదన బాగుంది గానీ ఒప్పుకోను.

కీబోర్డు_కిట్టు
నేను ప్రోగ్రామింగ్ చేస్తుంటా, పేర్లు వద్దు, సినిమాలకే. ఆ డోలు గురించి చెప్తా.

దాన్ని తమ అంటారు. ఇసుక గడియారం ఆకారం, రెండు వైపులా చర్మం, మధ్యలో తాళ్ళు. చంకలో పెట్టుకుని ఒంకీ కర్రతో కొడతారు, మోచేత్తో తాళ్ళని నొక్కితే చర్మం బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. అందుకే మాటలా ఉంటుంది. వాయించింది మసాంబా డియోప్, బాబా మాల్ బృందంలో వాయించే మనిషి. గోరాన్సన్ ఆయన్ని అడిగింది ఒక్కటే, డోలు మీద 'టిచాలా' అని పిలువు అని. ఇప్పుడు మళ్ళీ విను, రాజు పేరు పలుకుతున్నట్టే ఉంటుంది.

కొండల మీద పాడింది బాబా మాలే. స్క్రిప్టు చదివాక గోరాన్సన్ సెనెగల్ వెళ్ళి ఆయన టూర్ వెంట తిరిగాడు, ఊళ్ళలో కచేరీలు చూశాడు, అక్కడే స్టూడియోలో రికార్డు చేసుకున్నాడు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో ఆఫ్రికా సంగీతపు పాత రికార్డింగులు దాచే లైబ్రరీ ఒకటుంది, అక్కడ కూర్చుని విన్నాడు. ఇదంతా అయ్యాక ఆర్కెస్ట్రా.

ఇక్కడ మా పద్ధతి చెప్తే నవ్వుతారు. రిలీజ్ డేట్ పోస్టర్ మీద పడిపోయి ఉంటుంది, ఎడిట్ లాక్ అవ్వదు, రీల్ రీలుకీ ఆర్.ఆర్. (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) చేసి పంపుతుంటాం, సీజీ లేని షాట్లకి హీరో ఎగురుతున్నాడని ఊహించుకుని కొట్టాలి. మనకీ వాయిద్యగాళ్ళున్నారు, టైం లేదు. టైం లేదు గనక కంప్యూటర్‌లో ఉన్న 'ట్రైబల్ డ్రమ్స్' ఫోల్డర్ తెరుస్తాం. ఆ ఫోల్డర్‌లో డోలుకి శ్రుతి ఉంటుంది, పేరు పిలవడం ఉండదు.

ఓరుగల్లు_పోరడు
కిట్టన్నా నువ్వు చెప్తుంటే నాకు జమిడిక యాదికొచ్చింది. మా దగ్గర బైండ్లోళ్ళు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయిస్తరు. తీగ బిగవట్టి మీటుతుంటే స్వరం గట్లనే వంగుతది, పైకి లేస్తది. కథకుడు ఒక మాట అంటే జమిడిక మళ్ళీ ఆ మాట అంటది. చిన్నప్పుడు అది మా పేరు పిలుస్తుందని భయపడేటోళ్ళం.

సరే గానీ నాకొక సందేహం. ఆఫ్రికా రాజు సినిమా, అందరూ నల్లజాతి వాళ్ళు, డైరెక్టర్ కూడా. సంగీతం మాత్రం స్వీడన్ ఆయన. గిదేంది?

డల్లాస్_డప్పు
ఆ ప్రశ్న ఇక్కడ అమెరికాలో కూడా చాలామంది అడిగారు. కూగ్లర్, గోరాన్సన్ ఇద్దరూ సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదువుకున్నప్పటి దోస్తులు. ఫ్రూట్‌వేల్ స్టేషన్, క్రీడ్, తర్వాత ఇది, అన్నీ కలిసే చేశారు. కూగ్లర్ పెద్ద స్టూడియోకి వెళ్ళేటప్పుడు తన మనిషిని వెంట తీసుకెళ్ళాడు, అంతే.

నాకు మాత్రం ఒక సంగతి కొరుకుడు పడదు. 'ఆఫ్రికా సంగీతం' అని అందరూ ఒకే గంపలో వేస్తారు. తమ పడమట సెనెగల్‌ది, గాయకబృందం పాడేది దక్షిణాన ఖోసా భాషలో, వాకాండా ఏమో తూర్పున ఎక్కడో ఉందంటారు. మధ్యలో కొన్ని వేల కిలోమీటర్లు ఉంది. ఎవరైనా మన దగ్గర సినిమా తీసి రాజస్థాన్ రావణహత్తా, కేరళ చెండ కలిపి 'ఇండియన్ సౌండ్' అంటే మనం ఊరుకుంటామా?

సిరిమువ్వ_సిరి
ఊరుకోవడం ఏంటి, అలాంటివి హిట్ చేశాం కూడా. వాకాండా లేని దేశం కదా, దానికి నిజమైన జిల్లా సంగీతం ఎక్కడ తెస్తాడు?

తంబూరాతాత
మీరంతా పిల్లలు, ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. నా బోటివాడికి ఈ సూపర్ హీరో సినిమాల సంగీతమంతా ఒకటే. ధనధనధన డోళ్ళు, పైన ఇత్తడి వాయిద్యాలు, ఇంకా పైన గుంపు అరుపు. 1978 సూపర్‌మన్‌కి జాన్ విలియమ్స్ కట్టిన వరస ఎవర్నడిగినా పాడతారు. మార్వెల్ వాళ్ళు ఇన్ని తీశారు, ఒక వరస పాడమనండి చూద్దాం.

కీబోర్డు_కిట్టు
తాతగారూ, అందులో నిజం ఉంది, కారణం కూడా ఉంది. ఎడిటింగ్‌లో పాత సినిమా సంగీతం తాత్కాలికంగా పెట్టి కోస్తారు, టెంప్ ట్రాక్ అంటారు. డైరెక్టర్ నెలల తరబడి దాంతోనే చూసి చూసి ప్రేమలో పడతాడు. చివరికి మ్యూజిక్ డైరెక్టర్‌తో 'ఇలాంటిదే, కానీ ఇది కాకుండా' అంటాడు. అన్నీ ఒకేలా వినపడక ఏమవుతాయి? ఈ మాట విని నేను ఎన్నిసార్లు తల పట్టుకున్నానో లెక్క లేదు.

బ్లాక్ పాంథర్ దాన్నుంచి బయటపడింది. ఒక్క సీను చూడండి, కిల్‌మోంగర్ గెలిచి సింహాసనం దగ్గరికి నడిచేది. కెమెరా తలకిందులుగా మొదలై మెల్లగా తిరుగుతూ నిటారు అవుతుంది. ఆ నడకకి ఫులానీ పిల్లనగ్రోవి, కింద 808 అనే డ్రమ్ మెషిన్ బేస్, అమెరికా ర్యాప్‌లో వినిపించే ట్రాప్ హై-హ్యాట్ల చిటచిట. ఆ పిల్లనగ్రోవి అమడు బా ఊదాడు. పాత్ర గురించి గోరాన్సన్ చెప్పాక ఆయన ఊదుతూనే లోపల అరవడం, మాటలు అనడం చేశాడు, గాలి, కోపం రెండూ వినపడతాయి. కిల్‌మోంగర్ ఆఫ్రికా రక్తం, అమెరికా పెంపకం. పిల్లనగ్రోవి ఒకటి, 808 ఒకటి. టిచాలాకి తమ, ఇత్తడి వాయిద్యాలు. డైలాగులు తీసేసినా ఎవరు ఎక్కడివాళ్ళో తెలిసిపోతుంది.

బీజీఎంపిచ్చోడు
ఈ పోస్ట్ సేవ్ చేసుకుంటున్నా. సిరి గారూ, 808 వాడి స్కోరే ర్యాప్‌ని తనలో కలిపేసుకున్నాక, విడిగా ర్యాప్ ఆల్బమ్ ఎందుకు అన్నదే నా వాదన.

సిరిమువ్వ_సిరి
మీరు మొదటి పోస్ట్ నుంచి అదే వాదన. మాటలున్న పాట చేసే పని మాటల్లేని స్కోరు చేయదు. 'కింగ్స్ డెడ్'కి ర్యాప్ విభాగంలో గ్రామీ, అదే రాత్రి గోరాన్సన్ స్కోరుకి ఇంకో గ్రామీ. రెంటినీ రెండుగా వినొచ్చుగా.

ఓరుగల్లు_పోరడు
నాకు నచ్చింది ఒకటే, మసాంబా డియోప్, అమడు బా అని పేర్లు మనం ఇక్కడ కూసొని చెప్పుకుంటున్నం. మా చిన్నాయన డప్పు కొడతడు. ఒక పెద్ద సినిమా పాటకి రికార్డింగుకి పిలిచిన్రు, పొద్దటి సంది రాత్రి దాకా కొట్టించుకున్నరు. పాట మస్తు హిట్. ఆల్బమ్‌ల ఆయన పేరు లేదు, యూట్యూబ్‌ల కింద కూడా లేదు. మా ఇంట్ల వాళ్ళం స్పీకర్ దగ్గర చెవి పెట్టి 'గిదీ మా చిన్నాయన దెబ్బ' అని చూపించాలి.

డల్లాస్_డప్పు
అందుకే పై ప్రశ్నకి నా జవాబు స్వీడన్ వాడా కాదా అన్నది కాదు. వాయించినవాడి పేరు, డబ్బు సరిగ్గా చేరాయా అన్నది. ఆస్కార్ మాత్రం గోరాన్సన్ ఒక్కడి చేతికే వచ్చింది, అది వేరే సంగతి.

వైజాగ్_వాసు
ఆస్కార్ మాటొచ్చింది కాబట్టి. 2019లో మార్వెల్ స్టూడియోస్‌కి వచ్చిన మొదటి ఆస్కార్లు ఈ సినిమావే, మూడు. స్కోరు, దుస్తులు, ప్రొడక్షన్ డిజైన్. 'ఆల్ ద స్టార్స్' నామినేట్ అయి 'షాలో' చేతిలో పోయింది. తర్వాత రెండో భాగం వాకాండా ఫరెవర్‌కి రిహానాతో 'లిఫ్ట్ మీ అప్' చేయించారు, టిచాలాగా వేసి చనిపోయిన చాడ్విక్ బోస్‌మన్‌కి నివాళిగా. అదీ నామినేట్ అయింది. 2023లో దాన్ని ఓడించిన పాట ఏదో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదనుకుంటా.

మిర్చిబజ్జీ
నాటు నాటు!!! రిహానా ఒకవైపు, లేడీ గాగా ఒకవైపు, మధ్యలో మన చంద్రబోస్ గారి మిరపతొక్కు. ఆ పొద్దున ఆఫీసులో మీటింగ్ మ్యూట్‌లో పెట్టి లైవ్ చూశా, కెమెరా ఆపడం మర్చిపోయి గెంతా.

తంబూరాతాత
నాటు నాటు గెలిచినందుకు నాకూ సంతోషమే. అయితే అది పాటకి వచ్చింది. మన తెలుగు సినిమా నేపథ్య సంగీతాన్ని ఎవరైనా పట్టించుకున్నారా? మనమే పట్టించుకోం.

బీజీఎంపిచ్చోడు
తాతగారు నా గుండెకాయ మీద వేలు పెట్టారు. స్కోరు అనేది ఆల్బమ్‌గా వస్తుందనే ఆలోచనే మన దగ్గర ఆలస్యంగా వచ్చింది. నేను ఇంటర్ చదివేటప్పుడు డీవీడీలోంచి హీరో ఎంట్రీ కోసి, మధ్యలో పంచ్ డైలాగుతో సహా, రింగ్‌టోన్ చేసుకునేవాళ్ళం. బాహుబలికి ఓఎస్టీ (ఒరిజినల్ సౌండ్‌ట్రాక్) అని వాల్యూమ్‌ల వారీగా వదిలారు, పండగ చేసుకున్నాం. 2024 సంక్రాంతికి హనుమాన్ వచ్చింది, మన మట్టిలోంచి పుట్టిన సూపర్ హీరో, ముగ్గురు సంగీత దర్శకుల పేర్లు పడ్డాయి, పాటలు ఊరూరా మోగాయి. అయినా ఇప్పటికీ చాలా సినిమాలకి పాటలు వస్తాయి, ఆర్.ఆర్. గాల్లో కలిసిపోతుంది.

కీబోర్డు_కిట్టు
గాల్లో కాదు, హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. ఆల్బమ్‌గా వదలాలంటే రెండున్నర నిమిషాల ముక్కల్ని కలిపి, ఫైట్ సౌండ్ లేకుండా మళ్ళీ మిక్స్ చేయాలి. దానికి ఎవరూ డబ్బివ్వరు. పాటల హక్కులు అమ్ముడుపోయాక ఆడియో కంపెనీకి ఇంక దీంతో పనిలేదు.

గోదారిబుల్లోడు
స్కోరు మొత్తం విన్నా, ఇప్పుడే అయింది. కిట్టు గారు చెప్పినట్టే, 'టిచాలా' అని పిలుస్తోంది డోలు, ఇంక వేరేగా వినపడట్లేదు. బాబా మాల్ పాడేదాంట్లో అర్థం ఏమైనా ఉందా, ఊరికే ఆలాపనా?

డల్లాస్_డప్పు
అర్థం ఉంది. ఏనుగు చనిపోయిందని పాడతాడు. ఏనుగంటే రాజు. అప్పటికే టిచాలా తండ్రి చనిపోయాడు కదా, కొత్త రాజు రావాలి. సబ్‌టైటిల్ వేయలేదు కాబట్టి ఆ భాష తెలిసినవాళ్ళకే పాట ముందుగా కథ చెప్పేస్తుంది.

గోదారిబుల్లోడు
అబ్బా, ఇది తెలియకుండా ఇన్నాళ్ళు చూశానా. సరే, సిరి గారు చెప్పిన 'సీజన్స్', 'రిడెంప్షన్' కూడా రాత్రికి మళ్ళీ వింటా. ర్యాప్ ఆల్బమ్‌ని ఒప్పుకున్నట్టు కాదు.

సిరిమువ్వ_సిరి
'ఎక్స్' కూడా కలుపుకోండి. సౌదీ జూలూలో అందుకునే చోట స్పీకర్ పెంచండి. పక్కింటివాళ్ళు వస్తే బీజీఎంపిచ్చోడి అడ్రస్ ఇవ్వండి.

వైజాగ్_వాసు
రికార్డులకొట్టు గారూ, ఆ ప్రిన్స్ బ్యాట్‌మన్ క్యాసెట్ మీ దగ్గర ఉందా ఇంకా? ఎంతకిస్తారు?

రికార్డులకొట్టు
ఉంది. ఎల్ఫ్‌మన్‌ది కూడా ఉంది. రెండూ అమ్మను. వచ్చి విని వెళ్ళు, టీ నేనిప్పిస్తా.